వినియోగ ధ్రువపత్రం

దరఖాస్తు ఇరవై ఆరు పేజీలు.
పదిహేడో పేజీలో ఒక గడి:
'ఈ పరిశోధన వల్ల ఆశించే ఫలితాలు,
నూట యాభై మాటలకు మించకుండా.'
వైనతేయ పాయకి ఇటువైపు పదకొండు ఊళ్ళల్లో
బావుల్లోకి సముద్రం ఎంతదూరం నడిచొచ్చిందో
నెలనెలా కొలుస్తామని రాశాను.
రాయనిది ఒకటుంది.
పల్లిపాలెంలో ఓలేటి బంగారమ్మ ఇంట్లో
మూడేళ్ళుగా పప్పు ఉడకడం లేదు.
'మీ మిషను ఎందుకండీ,
గుప్పెడు కందిపప్పు ఎసట్లో పడేయండి,
అదే చెబుతాది' అందామె.
పప్పుకి బడ్జెట్‌లో పద్దు లేదు.

మంజూరైంది. అడిగినదాంట్లో సగానికి కాస్త తక్కువ.
కాలేజీలో పూతరేకులు పంచాను, నా జీతంలోంచి.
అక్టోబరులో రావలసిన మొదటి విడత
ఫిబ్రవరి పంతొమ్మిదిన వచ్చింది,
మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చుపెట్టమన్న ఉత్తరాన్ని
చంకనేసుకుని.

నలభై రోజులు.
మీటరుకి మూడు కొటేషన్లు కావాలి.
కాకినాడలో అమ్మేవాడు ఒక్కడే.
ఆ ఒక్కడే బావమరిది పేరున ఒకటి,
తోడల్లుడి పేరున ఒకటి ఇచ్చాడు.
మూడింటి మీదా అదే చేతిరాత, అదే టీ మరక.
చూడనట్టే సంతకం చేశాను.

పడవకి రసీదేదంది ఆడిట్టు.
సంగాని ధర్మయ్యకి జీఎస్టీ నంబరు లేదు.
ఉన్నదల్లా ఒక పడవ, ఒక గెడ,
పోటు ఎప్పుడు తిరుగుతుందో తెలిసిన ఒళ్ళు.
వోచరు మీద వేలిముద్ర వేశాడు.
ఒండ్రు ఆరని బొటనవేలు,
సిరాకంటే ముందు మట్టి పడింది.
'అస్పష్టం' అని ఎర్రసిరాతో తిప్పి పంపారు.
మళ్ళీ వెళ్తే సబ్బుతో కడుక్కొచ్చి వేసి నవ్వాడు:
'ఈసారిది నాది కాదండి మేడమ్,
ఎవరో దొరబాబుది.'

అసలు సంగతి ఏ గడిలోనూ పట్టదు.
ఉప్పు మార్చిలో రాదు.
ఏప్రిల్లో కాలువలు కట్టేశాక,
తీపినీళ్ళ బరువు సడలాక,
వైశాఖ అమావాస్య పోటు మీద
ఇసక కిందుగా, చప్పుడు చేయకుండా వస్తుంది.
దానికి ఆర్థిక సంవత్సరం తెలీదు.
నా డబ్బేమో వైశాఖం దాకా బతకదు.

మిగిలింది వెనక్కి కట్టాను,
బ్యాంకు వేసిన వడ్డీతో సహా,
ఆ వడ్డీ రెండువందల పదహారు రూపాయల నలభై పైసలు.
రెండో విడత 'పరిశీలనలో ఉంది'.
ఫోనెత్తే గుమాస్తా మంచివాడు,
'పంపేస్తామండి' అనే మాటని
ప్రతిసారీ కొత్తగా అంటాడు.

నేలపూడి సువార్తకి ఫెలోషిప్పు ఆగి నాలుగు నెలలు.
దరఖాస్తులో ఆమె పేరు 'మానవ వనరులు: ఒకటి'.
'ఇంక రాకమ్మా, వేరే ఏదైనా చూసుకో' అన్నాను
ఏప్రిల్ ఆఖర్న, మొహం చూడకుండా.
తలూపింది. రాజోలులో ట్యూషన్లు పెట్టింది.

అమావాస్య మర్నాడు లాబ్ తలుపు తీస్తే
బల్లమీద పదకొండు సీసాలు.
దగ్గుమందువి, కూల్‌డ్రింకువి, ఒకటి సెంటుది,
మూతలకి ప్లాస్టరు, ప్లాస్టరు మీద ఆమె గుండ్రటి రాత:
ఊరు, బావి, వేళ, పోటా పాటా.
బంగారమ్మ బావి సీసాకి
తడికి అంటుకుపోయి ఒక బస్సు టిక్కెట్టు,
ముప్పై ఐదు రూపాయలు.
మీటరు ముంచాను.
అంకె ఎక్కి, ఎక్కి, ఎక్కడో ఆగింది.

ఈ రాత్రి ధ్రువపత్రం నింపుతున్నాను.
'మంజూరైన మొత్తం ఏ పనికి ఉద్దేశించబడినదో
ఆ పనికే వినియోగించబడినదని
ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.'
సంతకం, ముద్ర, తేదీ.
టిక్కెట్టుని ఏ పద్దులో చూపాలో వెతికాను.
ప్రయాణాలు: నిల్వ లేదు.
ఇతరములు: ముందస్తు అనుమతి తప్పనిసరి.
చివరికి గోడమీది కేలండర్లో
వచ్చే అమావాస్య గడికి గుండుసూదితో గుచ్చాను.
ఆ రోజు ఆదివారం. సువార్తకి ట్యూషను ఉండదు.
ధర్మయ్యకి కబురు పెట్టాలి.
వెళ్ళేటప్పుడు దారిలో
అరకేజీ కందిపప్పు కొనాలి.